రెండు పారబోతలు, ఒక చేదు

"ఆబ్కారీ" అన్నది పారశీకం నుండి వచ్చిన మాట. ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. మద్యం కాచుట, అమ్ముట, దానిపై పన్ను రాబట్టుట, వీటన్నిటినీ కలిపి మన సర్కారు దస్త్రాలు తరతరాలుగా "నీటి పని" అని పిలిచాయి. ఈ పేరులో ఒక సత్యమూ, ఒక లోపమూ ఉన్నాయి. సత్యమేమంటే, ఏ పానీయానికైనా మొదటి సరుకు నీరే. లోపమేమంటే, నీటిని లెక్కించినవారు, సీసాలను లెక్కించినవారు, రూపాయలను లెక్కించినవారు రుచిని మాత్రం ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. తెలంగాణ మద్యచరిత్ర అని మనకు దొరికేదంతా రాబడి చరిత్రే. అందులో నాలుకకు చోటు లేదు.

ఈ వ్యాసం ఆ నాలుక గురించి. పిల్స్‌నర్ అనే ఒక జాతి బీరును, అందునా హాప్ పువ్వు ముందుకు వచ్చేటట్లు కాచినదానిని, రుచి చూసిన సందర్భంలో పుట్టిన ఆలోచనలు ఇవి. మద్యపానాన్ని సమర్థించుట నా ఉద్దేశం కాదు. అట్లని ముక్కు మూసుకొని చరిత్ర రాయుటా కుదరదు కదా.

ముందు స్థలం గురించి చెప్పాలి. నారాయణఖేడ్ మూడు భాషల కూడలి. "ఖేడ్" అనే తోకను చూడండి. అది సంస్కృతపు ఖేటము, చిన్న ఊరు అని అర్థం, మరాఠీ నేలలో విరివిగా కనిపించే గ్రామనామం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాలలో లంబాడీ, ఇన్ని మాటలు ఒకే సంతలో వినిపించే చోటు. నిజాం రాజ్యంలో ఇది బీదరు జిల్లా తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. చుట్టాలు సరిహద్దుకు అటూ ఇటూ ఉండిపోయారు. జొన్న, కంది పండే వానాధారపు నేల. పనులు లేని కాలంలో చెరకు నరకడానికి కుటుంబాలు వలసపోవుట ఇక్కడ తరాల వాడుక.

ఇదే జిల్లాలో, సంగారెడ్డి వైపున, పెద్ద పెద్ద బీరు కర్మాగారాలున్నాయి. తెలంగాణ తాగే బీరులో అధికభాగం పుట్టేది ఈ జిల్లాలోనే. బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు మీదుగా వచ్చి, సింగూరులో సుమారు 30 టీఎంసీల జలాశయమై నిలిచి, చివరకు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర ఈ సీమకు జీవనాడి. ఆబ్కారీని నీటి పని అన్నవారు ఎంత యథాలాపంగా అన్నారో గాని, ఈ జిల్లాకు ఆ మాట అక్షరాలా సరిపోతుంది.

ఇక పాత కథ. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే ఉన్నది. అందులో మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయాలను విడదీసి చెప్పాడు. వీటిలో మేదకము బియ్యంతో చేసేది. నీరు, బియ్యం, కిణ్వము దాని సరుకులు. నేటి మన శాస్త్ర పుస్తకాలలో "కిణ్వ ప్రక్రియ" అనే మాట ఉన్నదే, ఆ కిణ్వమే ఇది. మెదక్ అన్న పేరు "మెతుకు" నుండి వచ్చిందని జనశ్రుతి. మెతుకుసీమ పేరుకూ బియ్యపు మేదకానికీ ఉన్న పోలిక కాకతాళీయం తప్ప మరేమీ కాదు. పదవ్యుత్పత్తుల మీద మోజున్న మిత్రులు తొందరపడవద్దని మనవి! ఆ పోలికకంటె విలువైన విషయం ఇంకొకటి ఆ అధ్యాయంలో ఉన్నది. ఈ పానీయాలలో పాఠ, లొద్దుగ, మిరియం, పిప్పలి వంటి ఓషధులతో చేసిన సంభారాన్ని కలపాలని కౌటిల్యుడు చెబుతాడు. అంటే తీపిగా పులిసే ద్రవానికి ఒక చేదునో, వగరునో, ఘాటునో ఎదురు నిలబెట్టాలన్న ఎరుక మన వారికి రెండువేల ఏళ్ళ కిందటనే ఉన్నది.

ఐరోపాలో ఆ ఎదురు నిలబడే పని చివరకు ఒకే ఒక్క పువ్వుకు దక్కింది. అదే హాప్. ఇది తీగ మొక్క. ఆడ మొక్కకు పచ్చని చిన్న బుడ్డల వంటి పూలు వస్తాయి. వాటి రేకుల అడుగున పసుపు రజను వంటి పదార్థం ఉంటుంది. దానిని లుపులిన్ అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది గంజాయి మొక్కకు దాయాది, రెండూ ఒకే కుటుంబం. గంజాయి మత్తు మాత్రం దీనికి లేదు. 12వ శతాబ్దంలో జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ ఈ పువ్వు చేదు పానీయాలను చెడిపోకుండా కాపాడుతుందని రాసింది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో యవలు, హాప్, నీరు తప్ప మరేమీ ఉండరాదని శాసించారు.

దీనిని వాడే తీరు మన వంటింటివారికి ఇట్టే అర్థమవుతుంది. చారులో మిరియం ముందు పడుతుంది, కొత్తిమీర చివర పడుతుంది. ఎందుకు? మరిగితే మిరియం సారం దిగుతుంది, కొత్తిమీర వాసన పోతుంది. హాప్ ఈ రెండు పనులూ తానే చేస్తుంది. కాగుతున్న యవరసంలో మొదటనే వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది, సువాసన ఆవిరైపోతుంది. పొయ్యి దింపే ముందు వేస్తే సువాసన నిలుస్తుంది. పులిసిన తరువాత చల్లని బీరులో వేసి నానబెడితే చేదు పెద్దగా పెరగదు, పరిమళం మాత్రం గుప్పుమంటుంది.

ఇప్పుడు మొదటి పారబోత. బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో, పిల్సెన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి పౌరులకు బీరు కాచే హక్కు 13వ శతాబ్దం నుండీ ఉన్నది. కాని 1838 నాటికి వారి బీరు ఎంత దిగజారిందంటే, ఆ ఏడు 36 పీపాల చెడిన బీరును పురమందిరం ఎదుట బహిరంగంగా పారబోశారు. అది కోపం, అదే తీర్మానం. మరుసటి సంవత్సరమే పౌరులందరూ కలిసి కొత్త కర్మాగారం కట్టుకోవాలని నిశ్చయించారు. బవేరియా నుండి జోసెఫ్ గ్రోల్ అనే నిపుణుని పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతడు మొదటి కాపు కాచాడు. లేత రంగు మాల్టు, జాటెక్ ప్రాంతపు సుకుమారమైన హాప్, చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి అడుగున పేరుకునే బవేరియా ఈస్టు, అన్నిటికీ మించి లవణాలు అతి తక్కువగా ఉన్న పిల్సెన్ మెత్తని నీరు. ఈ నాలుగూ కలిసి బంగారు వన్నె బీరు పుట్టింది. ఉప్పునీటిలో హాప్ చేదు గొంతులో గీసుకుంటుంది, మెత్తని నీటిలో మృదువుగా జారుతుంది. ఇదీ నీటి పనే! నేడు ప్రపంచం తాగే లేత రంగు లాగర్లలో అధికభాగం ఆ 1842 కాపుకు వారసులే. తరువాత 1870లలో లిండే శీతలయంత్రమూ, 1876లో బీరు మీద పాస్టర్ గ్రంథమూ వచ్చి, ఆ పట్టణపు పానీయాన్ని ఏ దేశంలోనైనా కాచవచ్చునని నిరూపించాయి.

మన దేశానికి బీరు దండు వెంట వచ్చింది. ఓడలో నెలల ప్రయాణానికి తట్టుకొనేటట్లు హాప్ దండిగా వేసి ఇంగ్లండు నుండి పంపిన లేత ఏల్ బీరు తరువాత ఇండియా పేరుతోనే ప్రసిద్ధమైంది. 19వ శతాబ్దంలో ఎడ్వర్డ్ డయ్యర్ కసౌలీలో బీరు కాచుట మొదలుపెట్టాడు. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన డయ్యర్ ఇతని కొడుకే. దక్షిణాన నీలగిరులలోనూ బెంగుళూరులోనూ వెలిసిన చిన్న కర్మాగారాలను 1915లో థామస్ లీష్‌మన్ ఒకటి చేసి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. 1947లో విఠల్ మాల్యా అందులో డైరెక్టరయ్యాడు. ఇవన్నీ చల్లని కొండలు, దండు పేటలు. మన వైపున బీరుకు తొలి చిరునామా సికిందరాబాదు దండు. అక్కడ తెల్ల సోల్జరు గ్లాసెత్తుతున్న రోజుల్లో నారాయణఖేడ్ పల్లెవాడు తాగినది ఈతకల్లు. ఇంకా వెనుకటి మాట చెప్పాలంటే ఇప్పసారా.

కల్లుకూ బీరుకూ అసలు భేదం ఏమిటి? ఒకటి చెట్టు నుండి వస్తుంది, మరొకటి గింజ నుండి వస్తుంది అని సులువుగా చెప్పవచ్చు. కాని చరిత్రను నడిపిన భేదం అది కాదు. కల్లులో హాప్ లేదు. తెల్లవారి దింపిన లొట్టి మధ్యాహ్నానికి పులుస్తుంది, మరునాటికి పుల్లబడి చెడుతుంది. అందుచేత కల్లు ప్రయాణం చేయలేదు. చెట్టు ఎక్కడో, గీసేవాడు ఎక్కడో, తాగేవాడూ అక్కడే ఉండాలి. మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కే గౌడుకు ఏ చెట్టు కల్లు తీపి, ఏ చెట్టుది వగరు, ఏ కాలంలో ఏది పలచబడుతుంది అన్నది కంఠతా వచ్చు. తాగేవానికీ వచ్చు. అది ఒక ఊరి నాలుక. చేదు పువ్వు తోడున్న బీరేమో పీపాలో, సీసాలో దేశాలు దాటగలదు, కర్మాగారమై పెరగగలదు, వాటాలై అమ్ముడుపోగలదు.

రాజ్యం ఈ రెంటిలో దేనినీ రుచి కోసం చూడలేదు. నిజాం ఏలుబడిలో ఆబ్కారీ హక్కులను గుత్తకిచ్చేవారు. భూమిశిస్తు తరువాత ఎన్నదగిన రాబడులలో అదొకటి. గుత్తేదారుకు కావలసినది అమ్మకం. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయినప్పుడు కల్లు సాగదీయబడింది. నీళ్ళు కలిపితే మత్తు చాలదు. ఆ లోటు తీర్చడానికి తరువాతి కాలంలో క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, అల్ప్రాజోలం వచ్చాయి. ఊరి నాలుక చెడినది ఇక్కడే. మందు కలిసిన కల్లుకు అలవాటుపడినవానికి అసలు కల్లు పనికిరాదు. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. హాప్ కూడా ఒక కలుపుడు పదార్థమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని హాప్ తాను ఉన్నానని నాలుకకు చెబుతుంది. అల్ప్రాజోలం చెప్పదు.

రెండవ పారబోత మనది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగుతున్న రోజులవి. చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు తమ పాఠాలలోనే తమ కాపురాల కథ చదువుకొని, ఇంత కష్టమూ సారా కొట్టుకే పోతున్నదే అని లేచారు. దూబగుంట గ్రామం, రోశమ్మ పేరు దేశమంతా వినిపించాయి. 1992లో ఉద్యమం జిల్లా అంతటా పాకింది. సారాను నేలపాలు చేశారు, వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. ఎత్తివేతకు చెప్పిన కారణాలలో పెద్దది మళ్ళీ రాబడే.

ఈ రెండు పారబోతలను పక్కపక్కన పెట్టి చూడండి. పిల్సెన్ పౌరులు మంచి బీరు కావాలని చెడ్డ బీరు పారబోశారు. దూబగుంట ఆడవాళ్ళు ఇల్లు నిలవాలని సారా పారబోశారు. పిల్సెన్‌లో పారబోసినవారే కాచేవారు, తాగేవారు, లాభం పొందేవారు కూడా. దూబగుంటలో పారబోసినవారు కాచలేదు, తాగలేదు. లాభం గుత్తేదారుకూ సర్కారుకూ పోయింది, దెబ్బలు మాత్రం వారికి మిగిలాయి. అందుకే అక్కడ పారబోత ఒక రుచికి పునాది అయింది, ఇక్కడ అది ఒక ఆక్రందన అయింది. మన వాళ్ళకు రుచి తెలియదని ఎవరైనా ఈసడిస్తే నేనొప్పుకోను. రుచి గురించి అడిగే హక్కే వారికి ఏనాడూ లేదు.

నిషేధం పోయిన తరువాత సారా కొట్టు స్థానంలో సీసాల దుకాణం వచ్చింది. 1986లో ఏర్పడిన బేవరేజెస్ కార్పొరేషన్ పద్ధతి రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణలోనూ కొనసాగుతున్నది. కర్మాగారం సర్కారు సంస్థకే అమ్మాలి, దుకాణం సర్కారు సంస్థ వద్దనే కొనాలి. ధర కూడా సర్కారుదే. 2025 జనవరిలో ధర పెంచలేదని, బకాయిలు పేరుకున్నాయని యునైటెడ్ బ్రూవరీస్ కొద్ది రోజులు సరఫరా నిలిపివేయగా, ఫిబ్రవరిలో ప్రభుత్వం కర్మాగారాలకు చెల్లించే బీరు ధరను 15 శాతం పెంచింది. ఆ వారాలలో పత్రికలన్నీ కోట్ల లెక్కలు రాశాయి. ఆ సీసాలోని ద్రవం ఎట్లా ఉంటుందన్న మాట ఎక్కడా కనబడలేదు. మన దుకాణాలలో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. ఆల్కహాలు 8 శాతం దాకా, హాప్ నామమాత్రం, యవలతో పాటు బియ్యమో మరో చవక గింజో. మంచుగడ్డ వలె చల్లబరిచి, రుచి తెలియకముందే దింపుకోవాలి. పేరుకు అది పిల్స్‌నర్ వంశమే. తాత ఆస్తిలో రంగు ఒక్కటే మనుమనికి దక్కింది!

ఆ వంశపు చేదును తిరిగి వెతికినవారు వేరే చోట్ల ఉన్నారు. 1996లో ఇటలీలో, కోమో పట్టణం సమీపాన, ఆగొస్తినో అరియోలి తన చిన్న కర్మాగారంలో టిపోపిల్స్ అనే పిల్స్‌నర్ కాచి, పులిసిన తరువాత చల్లని బీరులో హాప్ నానబెట్టాడు. దాని ప్రేరణ అమెరికా దాకా పోయింది. పుణేలో 2009 ప్రాంతంలోనూ బెంగుళూరులో 2010 నుండీ చిన్న బీరు కేంద్రాలు మొలిచాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు చేసింది. ఆ తరువాత హైదరాబాదులో అవి వరుసగా వెలిశాయి.

అటువంటి ఒకచోట, మొన్నటి ఎండాకాలంలో, హాప్ పిల్స్‌నర్ రుచి చూశాను. వెంట ఖేడ్ మిత్రుడొకడు ఉన్నాడు. అతని తాత చెట్లు గీసినవాడు. గ్లాసులోని రంగు లేత తేనె రంగు, కొద్దిగా మసక. నురగ చిక్కగా, గ్లాసు అంచున గీతలు విడుస్తూ దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట తడిసిన పచ్చగడ్డి, ఆ వెనుక నిమ్మతొక్క, ఇంకా వెనుక మిరియపు ఛాయ. నోట్లో తొలి క్షణం రొట్టె వంటి మెత్తని తీపి. అది ఇంకా పూర్తికాకముందే చేదు వచ్చింది. కాకరచేదు కాదు. వేపపువ్వు చారులో చివర తగిలే చేదు వంటిది, శుభ్రమైనది. గుక్క దిగిన తరువాత నాలుక పొడిబారి మరో గుక్క అడిగింది. మిత్రుడు చాలాసేపు పలకలేదు. తరువాత అన్నాడు: "అన్నా, ఇది మా తాత కల్లు లెక్క లేదు. గని కంపెనీ బీరు లెక్క గూడ లేదు. చేదున్నది, గని మంచిగున్నది." బిల్లు చూసి మాత్రం, "దీని పైసలకు మా దిక్కు ఒక పూట కూలి పోతదన్నా," అన్నాడు.

ఆ రెండు వాక్యాల నడుమనే ఈ చరిత్ర అంతా ఇరుక్కుని ఉన్నది. చేదు మనకు కొత్త కాదు. ఏటా ఉగాదినాడు వేపపువ్వును నోట్లో వేసుకొని ఏడాదిని మొదలుపెట్టే జాతి మనది. పువ్వు చేదును గౌరవించడం ఎవరూ మనకు నేర్పనక్కరలేదు. కాని రుచి తీరిక కోరుతుంది, తీరిక డబ్బు కోరుతుంది. చెరకు నరికి వచ్చినవాడు సాయంత్రం కోరుకునేది మరపు. అతనికి మరపును అమ్మి, తీరికగలవానికి రుచిని అమ్మే ఏర్పాటు ఇప్పుడు స్థిరపడింది. ఒకే జిల్లా పేరు మీద, ఒకే నది ఒడ్డున.

అయినా రుచి కేవలం విలాసం కాదని నా నమ్మిక. రుచి తెలిసినవానిని మోసగించుట కష్టం. అసలు కల్లు ఎరిగిన పాతవాడు మందు కల్లును మొదటి గుక్కలో ఉమ్మివేసేవాడు. ఆ ఎరుక పోయిన చోటనే కల్తీ నిలదొక్కుకున్నది. ఈత చెట్లు పోయాయి, చెట్టెక్కే కొడుకులు పట్నం పోయారు, వారితోపాటు రుచిని పిలిచే మాటలు పోతున్నాయి. పిల్స్‌నర్ రుచికి చెక్కులు, జర్మనులు పుస్తకాలకొద్దీ మాటలు కూర్చుకున్నారు. చేదును కొలవడానికి అంకెలే ఉన్నాయి. పిల్సెన్ మూలపు బీరుకు సుమారు 40 అని చెబుతారు. మన కల్లుకు కౌటిల్యుని వంటి సురాధ్యక్షులు ఎందరో దొరికారు గాని, నిఘంటుకారుడు ఒక్కడూ దొరకలేదు.

మిత్రులారా, మీ సీమలో కల్లు రుచులకు, వాసనలకు, పులుపు మెట్లకు పెద్దలు వాడిన మాటలేవైనా మీ చెవిన పడి ఉంటే దయచేసి కింద రాయండి. తాగినవారే రాయాలన్న నియమమేమీ లేదు, విన్నవారు రాసినా చాలు. పారబోసిన తల్లుల మాటలు కూడా రాయండి. ఆ రెండూ పక్కపక్కన ఉంటేనే అది మన చరిత్ర అవుతుంది.